తాళ్లు ముట్టరాదు

నేను చెప్పిన మాటల్ల సగం తీసేసి ఇనాలె అనేది మా ఇంట్ల పద్ధతి. "వాన పడుతున్నదే" అని నేనంటె మా ఇంటామె చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి తడిస్తెనే దండెం మీది బట్టలు తీస్తది. దానికి నేనేం బాధపడ. యాభై ఏండ్ల దగ్గరికి వచ్చిన మనిషికి ఊర్ల ఒక పేరంటూ ఉన్నంక దాన్ని నిలబెట్టుకోవాలె గద. గని ఇప్పుడు రాసేదాంట్ల మాత్రం సగం తియ్యొద్దు. తీసెయ్యాల్సిన కాడ నేనే చెప్త.

అప్పుడు నేను భూపాలపల్లి దిక్కు అడవి అంచున ఉన్న ఒక సర్కారు చిలుకల షెడ్డుల వాచర్‌ను. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసే మా మానుకోట ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా. అప్పుడు మూడూ ఒక్క జిల్లల్నే ఉండె. రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు పడ్డ దినాలు. నేను జనగామ దిక్కు పుట్టినోన్ని. మా దిక్కు రాళ్లు, తాళ్లు తప్ప కండ్లకు ఆనేటిది తక్కువ. తాడు అంటె మాకు తాటిచెట్టు. ఒకటైతె తాడు, పది ఉంటె తాళ్లు. మా ఊరి తాళ్లు ఎంత పొడుగంటె, పైన ఒంపిన కల్లు కింద ముంతల పడేటాల్లకు పులిసిపోతది. గిది తీసెయ్యుండ్రి.

షెడ్డుల ఉన్నయి మామూలు రామచిలుకలు కావు. భుజం మీద ఎర్రమచ్చ, కత్తెర లెక్క ముక్కు ఉండే పెద్ద చిలుకలు. మామూలు చిలుకకు రెండింతలుంటయి. సరె, ఒకటిన్నర. మా చిన్నప్పుడు జొన్నచేను మీద వాలినయంటె చేనే లేచి ఎగిరినట్టు కనపడేది. తర్వాత తర్వాత పాత చెట్లు పోయినయి, చెట్లతోని తొర్రలు పోయినయి. మిగిలిన తొర్రలల్ల చెయ్యి పెట్టి, కండ్లు తెరువని పిల్లలను గుంజుకపోయి అమ్ముకునెటోళ్లు తయారైండ్రు. జనగామ బస్టాండ్ల పట్టుకున్న చేతిసంచిలకెళ్లి కొన్ని, కేసముద్రం స్టేషన్ల మిర్చి బస్తాల నడుమ దొరికిన గంపలకెళ్లి కొన్ని, గిట్ల మా షెడ్డుకు వచ్చేటియి. సగం చచ్చి వచ్చేటియి. బతికినయాట్ల కొన్నింటికి రెక్కలు మొదలుకంట కత్తిరించి ఉండేది. అవి ఇంక అడవికి పోలేవు. వాటినే జంటలు కట్టి, గుడ్లు పెట్టిచ్చి, పిల్లలు ఎదిగినంక వాటిని అడవికి ఇడవాలె. అదీ షెడ్డు పని.

ఆ పనికి ఒక సారు ఉండె. సముద్రం దిక్కు నుంచి వచ్చిండు. చిలుకల సారు అంటుంటిమి. పక్షుల సంగతి వస్తె ఆయన ముందు ఎవ్వలం నోరెత్తకపోదుం, అది ఒప్పుకోవాలె. పిల్ల రెట్ట చూసి నిన్న అది ఏం తిన్నదో చెప్పెటోడు. గని మా మాట ఆయన చెవికి పడకపోయేది. నేను మొదటి దినం పనిల చేరంగనే నిలబెట్టి చెప్పిండు.

"చూడవయ్యా. ఈ పిల్లలు రేపు అడవికెళ్లాలి. మనిషి మాట నేర్చిందంటే మనిషి దగ్గరికే వస్తుంది. వస్తే మళ్లీ పంజరమే. అందుకని వీటి ముందు ఒక్క తెలుగు ముక్క వినపడకూడదు. ముఖ్యంగా నీ తెలుగు."

"నా తెలుగుకు ఏమైంది సారూ?"

"గిది, గది, గట్ల, గిట్ల. ఏంటయ్యా ఆ గకారాల గోల! సినిమాలో కమెడియన్ మాట్లాడుతున్నట్టుంటుంది."

"సినిమాలల్ల రౌడీ గూడ గిట్లనే మాట్లాడ్తడు సారూ" అన్న. ఆయన నవ్వలె. నేను గూడ నవ్వుతందుకు అనలె.

ఇగ చూడుండ్రి నా అవస్థ. పుట్టిన కాడ నుంచి మూసుకోని నోరు పొద్దంత మూసుకోవాల్సి వచ్చింది. దాణా పెట్టుడు, నీళ్లు మార్చుడు, ఊడ్సుడు, అంత మూగోని లెక్క. మొదటి వారం దవడలు నొచ్చినయి. అప్పుడు మా షెడ్డుకు కొద్ది దూరంల, కాళేశ్వరం పోయే రోడ్డు పక్కకు, రాష్ట్రం కోసం రిలే దీక్షల టెంటు ఉండె. డ్యూటీ దిగంగనే అక్కడికి ఉరికి, పొద్దంత ఆపుకున్నయన్ని అక్కడ ఇడిసేది. జనగామ బస్టాండ్ల పట్టుబడ్డ ఒక చిలుక కండక్టర్ లెక్క ఈల ఏసి "రైట్ రైట్" అంటె, బస్సు కండక్టర్‌ను ఇడిసిపెట్టి హన్మకొండ దాక పోయింది అని చెప్పిన. దీక్షల కూసున్నోళ్లు ఆకలి మర్సిపోయి నవ్విండ్రు. గా కథ ఎంతల నిజమో అడగొద్దు. చిలుక మాత్రం నిజమే.

షెడ్డుల నాతోని పాటు ఒక అక్క పని చేసేది. గార్ల దిక్కు తండా నుంచి కూలికి వచ్చి ఇక్కడనే నిలబడ్డది. పిల్లలకు చేతితోని మేత పెట్టుట్ల ఆమె తర్వాతనే ఎవ్వలైనా. జొన్నపిండిని గోరెచ్చగ కలిపి, మోదుగాకు మడిచి, ఆ మొనతోని పిల్ల నోట్ల జార్చేది. నేను పెడ్తె సగం నా అంగి మీదనే ఉండేది.

మొదటి ఏడాది జంటలు గుడ్లు పెట్టలె. సారు నున్నటి పలకలతోని పెట్టెలు చేయించి కట్టిండు. మంచిగ చేయించిండు, మా ఇంటి తలుపు కన్న మంచి కట్టె. ఒక్క పక్షి అండ్ల అడుగు పెట్టలె. సారు నోటుబుక్కుల మీద నోటుబుక్కులు రాసుకుంట కూసున్నడు. షెడ్డు ఎనుక తాళ్లెక్కే అన్న ఒకాయన ఉండె, నాకు కల్లు దోస్తు. ఒకనాడు కల్లు కుండ భుజానేసుకొని పోతపోత షెడ్డు ఇనుప జాలిలకెళ్లి చూసి నన్ను బయటికి పిలిచిండు.

"తమ్మీ, గా డబ్బల నువ్వు పంటవా?"

"నేనెందుకు పంట?"

"మరి గదెందుకు పంటది?"

తెల్లారి ఆ అన్న ఒక మోడు ముక్క తెచ్చిండు. తల పోయి ఎండిన తాడును మేం మోడు అంటం. నడుమ మెత్తటిదంత పొట్టు పొట్టయి, చుట్టు గట్టి పెంకు నిలబడ్తది. గసొంటి మోళ్లల్లనే పెద్ద చిలుకలు ఇండ్లు చేసుకుంటయి. చిలుక చేరిన మోడును తాళ్లెక్కెటోళ్లు కొయ్యరు. పొయ్యిలకైనా ముట్టరు, కూలి కైకిలి ఇస్తమన్నా ముట్టరు. సారు ముందుగాల ఒప్పుకోలె. బూజు, పురుగు, రోగం అని నాలుగు మాటలన్నడు. ఏమనుకున్నడో మళ్ల ఆయననే ఎండకు ఆరబెట్టిచ్చి జాలిల కట్టిచ్చిండు. వారం తిరగంగనే ఆడది లోపటికి దూరి, ముక్కుతోని లోపటి పెంకు చెక్కి బయటికి చిమ్ముడు మొదలు పెట్టింది. ఆ దినం సారు అన్నం తినలె. కంతలకెళ్లి చూసుకుంట అట్లనే నిలబడ్డడు. కొన్ని దినాలకు లోపట మూడు గుడ్లున్నయి. అన్నకు చెప్దామని పోతె, "అయ్యో, డబ్బల పెట్టలేదా?" అని అడిగిండు. గంత నవ్వు మొఖంల దాచుకొని అడిగిండు.

పిల్లలైనయి. మరుసటి ఏడు ఇంక కొన్ని అయినయి. అండ్ల ఒక పిల్ల ఒకనాడు "యాడీ" అన్నది. సారు ఉలిక్కిపడి నోటుబుక్కు తీసిండు.

"విన్నావా? ఇది మామూలు అరుపు కాదు. పిల్ల పక్షి పిలుపు. ఇది ఎవరూ రాసినట్టు లేదు!" గుసగుసగ అన్నడు. టైం ఏసిండు, ఎన్నిసార్లు అన్నదో రాసుకున్నడు. నాలుగు దినాలు ఆ పిల్ల ముందటనే కూసున్నడు.

నేను అక్క మొఖం దిక్కు చూసిన. ఆమె ఊడ్సుట్లనే ఉన్నది, గని ఊడ్సిన జాగనే మళ్ల ఊడుస్తున్నది. బయటికి తీస్కపోయి అడిగిన.

"తెలుగు మాట్లాడొద్దన్నడు సారు. నేను తెలుగు మాట్లాడనే లేదు తమ్మీ" అన్నది. "దాని తల్లి మేత పెడ్తలేకుండె. ఒక్కతే ఏడుస్తుండె. నా ఇంటి మాటల పిలిచిన."

లంబాడి మాటల యాడీ అంటె అమ్మ.

నాకు ఆగని నవ్వు వచ్చింది. "ఊకో అక్కా. సారు బుక్కుల ఎక్కింది. పెద్ద పెద్దోళ్లు సదువుతరు. నీ మాట అడవి మాటయిపోయింది" అన్న. ఆమెకు నవ్వు రాలె.

"దాన్ని బయటికి ఇడిస్తె ఏ ఆడామె కనపడ్డా యాడీ అనుకుంట పోతది. ఎవలన్న పట్టి రెక్కలు కోస్తరు" అన్నది. అట్లనే చేతుల చీపురుతోని సారు కాడికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. సారు తిడ్తడనుకున్న. తిట్టలె. నోటుబుక్కుల ఆ నాలుగు పేజీలు చింపి, మడిచి జేబుల పెట్టుకున్నడు. "దీన్ని విడవలేం అమ్మా. ఇది ఇక్కడే ఉంటుంది. జంట కడదాం" అన్నడు. ఒక్క మాటకు ఆ పిల్లకు బతుకంత జాలిల ఉండుడే రాసిపెట్టి ఉన్నది. ఆ తర్వాత అక్క గూడ మూగదైంది. షెడ్డుల ఇద్దరం మూగోళ్లం. నేనైతె టెంటుకు పోయేటోన్ని. ఆమె యాడికి పోతది?

మిగిలిన పిల్లలను ఇడిసినం. షెడ్డుకు కూతవేటు దూరంల, రోడ్డు అంచుకు పదకొండు మోళ్లు వరుసగ నిలబడి ఉండె. ఒక ఏడు పిడుగు, ఒక ఏడు పురుగు పట్టి తలలు పోయిన తాళ్లు. చుట్టుపక్కల అడవిల గసొంటి తొర్రలు వెతికినా దొరకయి. బొగ్గు కోసం కొంత, కలప కోసం కొంత, అడవి ఎప్పుడో సన్నగైంది. ఆ మోళ్ల కాడ చిన్న జాలి గది కట్టి, పిల్లలను అండ్ల కొన్ని దినాలుంచి తలుపు తీసినం. జామకాయలు, పచ్చిమిరపకాయలు, జొన్నకంకులు బయట కట్టినం. కొన్ని పోయినయి, ఎటు పోయినయో తెల్వదు. కొన్ని నిలబడ్డయి. తాటి మోడుల పుట్టినయి గద, తాటి మోడునే ఇల్లనుకున్నయి. మూడో ఏడు మగపిల్లల మెడకు ఎర్రగీత పడ్డది. చలి మొదలైనంక రెండు మోళ్లల్ల జంటలు దూరినయి. పెట్టిందేమో ఏడు గుడ్లు. గది నేను టెంటుల చెప్పిన లెక్క. తాళ్లెక్కే అన్న పక్క తాడు ఎక్కి చూసి చెప్పిన లెక్క అయిదు. అయిదే రాసుకోండ్రి.

సారు అప్పుడు షెడ్డు గడప మీద కూసుండి అన్నడు: "జాలిలో పుట్టించడం పెద్ద విషయం కాదయ్యా. జాలిలో పుట్టింది బయట పిల్లల్ని పెడితేనే మనం చేసింది పని. లేకపోతే మనది కూడా పంజరమే, కాస్త పెద్దది." రెండున్నర నెలలు ఆ రెండు మోళ్లు నిలబడాలె. గంతే మాకు కావల్సింది.

రోడ్డు ఎడల్పు చేసుడు అప్పుడే పడ్డది. రోడ్డు సారు ఒకాయన జీపుల వచ్చి కొలిపిచ్చిండు. పదకొండు మోళ్లు హద్దుల పడ్డయి. మా చిలుకల సారు ఉత్తరం రాసిండు, పిల్లలు ఎగిరేదాక ఆగుండ్రి అని. రోడ్డు సారు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఎండిన మోడు చెట్టు కింద లెక్కకు రాదట, తీసెయ్యనీకి అభ్యంతరం లేదట. నేను రోడ్డు సారు కాడికే పోయి, "అండ్ల పిల్లలున్నయి సారూ" అన్న. ఆయన పక్కన ఉన్న మా ఊరి మేస్త్రి, "గీన మాట నమ్మకుండ్రి సారూ, గీన బస్సును చిలుకతోని నడిపిచ్చినోడు" అన్నడు. జీపుల అందరు నవ్విండ్రు. నా కథ నన్నే కొట్టింది. అప్పుడు మాత్రం నాకు మస్తు బాధైంది.

హద్దు పొంటి కట్టె ఖుంటీలు కొట్టి తెల్ల నైలాన్ పగ్గం కట్టిండ్రు. రెండు దినాలల్ల అది మాయమైంది. మేకలకు మంచిగుంటదని ఎవలో కోసుకపోయిండ్రు. మళ్ల కట్టిండ్రు, మళ్ల పోయింది. రోడ్డు సారుకు కోపమొచ్చి ఒక నోటీసు కొట్టిచ్చి తెచ్చిండు. అతికిచ్చెతందుకు గోడ దొరకలె. పోయి పోయి మొదటి మోడుకే అతికిచ్చిండ్రు. పెద్ద అక్షరాలు, కింద సంతకం, గుండ్రటి ముద్ర.

"రోడ్డు విస్తరణ హద్దులోని తాళ్లు ఎవరూ ముట్టరాదు, కోయరాదు, తీయరాదు. అతిక్రమించిన వారిపై కఠిన చర్యలు తీసుకోబడును."

నేను ఒకసారి చదివిన. ఇంకొకసారి చదివిన. మోడు దిక్కు చూసిన, కాయితం దిక్కు చూసిన. తాడు అంటె కట్టేదనీ ఒక అర్థం ఉన్నదని నాకు తెల్వదా? తెలుసు. గని ఆ పూట తెల్వనోన్నయిన. ఒట్టు పెట్టి చెప్త, ముందుగాల చూడంగనే నాకు గూడ తాటిచెట్లే మెదిలినయి. రెండో అర్థం తర్వాత వచ్చింది. మెల్లగ వచ్చింది.

మట్టి తోడే మిషన్ పొద్దున పది గంటలకు వచ్చింది. నడిపేటాయన కేసముద్రం మనిషి. దిగి బీడీ ముట్టిచ్చి నోటీసు దిక్కు చూసి నన్నే అడిగిండు.

"అన్నా, గిదేంది? తియ్యమని తోలి, తాళ్లు ముట్టొద్దని రాసిండ్రు?"

నేను ఒక్క మాట నేర్పలె. ఆయనంతట ఆయనే చదివిండు, ఆయనంతట ఆయనే మిషన్ బందు పెట్టి నీడకు కూసున్నడు. నేను టెంటుకు ఉరికిన. "మన తాళ్లకు సర్కారే కాపలా పెట్టింది, రాండ్రి!" అని ఒర్లిన. దీక్షల వాళ్లు, వంటావార్పుకు పొయ్యి రాజేసినోళ్లు, డప్పులోళ్లు, అందరు లేచి వచ్చిండ్రు. పొయ్యి రాళ్లు గూడ ఎత్తుకొచ్చి మోళ్ల కింద పెట్టిండ్రు. తాళ్లెక్కే అన్న నడుముకు మోకు చుట్టుకొని వచ్చిండు. అక్క వచ్చి, గూడు ఉన్న మోడుకు ఈపు ఆనిచ్చి నిలబడ్డది.

రోడ్డు సారు జీపు దిగిండు.

"ఏంటిదంతా? బండెందుకు ఆగింది?"

"తాళ్లు ముట్టొద్దని మీరే రాసిండ్రు సారూ" అన్నడు మిషన్ ఆయన.

"అవును, రాశాను. తాళ్లు ముట్టొద్దు. చెట్లు తీయమన్నాను."

"గివే తాళ్లు సారూ" అన్న నేను.

"ఇవి చెట్లయ్యా!"

"ఎండిన మోడు చెట్టు కాదని మీరే జవాబు రాసిండ్రు. చెట్టు కాదంటిరి. ఇప్పుడు తాడు గూడ కాదంటరా? మరి గిదేంది?"

జనం ఓ అని అరిసిండ్రు. సారు వంగి ఖుంటీకి మిగిలిన నైలాన్ ముక్క పట్టి ఎత్తిండు. "తాళ్లంటే ఇవీ! ఇవి! కట్టేవి!"

"గది పగ్గం" అన్నరు ఎనుకకెళ్లి.

"రస్సీ."

తాళ్లెక్కే అన్న నడుముది ఇప్పి చూపిచ్చిండు. "గిది మోకు సారూ. ముప్పై ఏండ్ల నుంచి నా పానం గిదే పట్టుకున్నది. దీన్ని తాడన్ననంటె మా సంఘంల నాకు కుండ ముట్టనియ్యరు."

గంతల పొయ్యి కాడ కూసున్న ఒక అవ్వ, మంచిగ ఉన్నదాన్ని చెడగొట్టుడు తప్ప ఇంకేం రాని అవ్వ, "చేదబాయికి ఏసేది చేంతాడు గాదా బిడ్డా" అన్నది.

రోడ్డు సారు ఆ మాటను ఎగిరి పట్టుకున్నడు. "అదీ! విన్నారా! చేంతాడు! అందులో తాడు లేదా?"

అందరు నా దిక్కు చూసిండ్రు.

"కోడిగుడ్డుల కోడి ఉన్నదని చెప్పి కాళ్లు, రెక్కలు అడుగుతమా సారూ?" అన్న.

డప్పు మోగింది. సారు మొఖం ఎర్రగైంది. అప్పటిదాక ఎనుక నిలబడి ఉన్న మా చిలుకల సారు కాడికి పోయి చెయ్యి పట్టుకున్నడు. "మీరు మనవాళ్లే కదండీ. మీరన్నా చెప్పండి. తెలుగులో తాళ్లంటే ఏమిటో చెప్పండి వీళ్లకి."

మా గకారాలను గోల అన్న మనిషి. ఆయన ఒక్క మాటంటె మిషన్ కదులుతది, ఎందుకంటె ఆయనది గూడ సర్కారు సంతకమే. చిలుకల సారు మోడు మీదికి చూసిండు. పైన కంతలకెళ్లి ఆడచిలుక తల బయటికి పెట్టి, గింత లొల్లి చేస్తున్నోళ్లెవలు అని చూస్తున్నది.

"ఈ నోటీసు ఎక్కడ అతికించారండీ?" అన్నడు సారు.

"ఇక్కడే. కనపడట్లేదా?"

"ఏ ఊళ్లో అతికిస్తే ఆ ఊరి మాటకే లెక్క. నాకు వీళ్ల భాష రాదు. నేర్చుకోలేదు. తప్పు నాది. వీళ్లు తాళ్లంటే ఇవే అంటున్నారు, నాకైతే ఇవే కనపడుతున్నాయి." గట్ల చెప్పి అక్క పక్కకు పోయి నిలబడ్డడు.

ఆ దినం మిషన్ తిరిగి పోయింది. గని కథ అక్కడ తెగలె. మూడో దినం షెడ్డు ఆఫీసుకు ఒక కాయితం వచ్చింది. నా పేరు మీదనే. టైపు కొట్టి ఉన్నది, నేను కింద సంతకం పెడ్తె చాలు. "నాకు తెలుగు సరిగా రాకపోవుట వలన ఉత్తర్వును తప్పుగా అర్థము చేసుకొంటిని. అందులకు చింతించుచున్నాను." సంతకం పెడ్తె నా మీద ఏం ఉండదు. నోటీసుల తప్పు లేదు, చదివినోనికే సదువు రాదు అని ఫైలు మూస్తరు. మిషన్ వస్తది. పెట్టకపోతె, ఆ మాటకు అర్థమేందో పై ఆఫీసు తేల్చాలె, తేలేదాక పని ఆగుతది. నా వాచర్ పని మాత్రం పోతది.

చిలుకల సారు ఆ కాయితం నా ముందట పెట్టి కిటికీ దిక్కు తిరిగి కూసున్నడు. "నేనేం చెప్పను. నీ ఇష్టం" అన్నడు.

నేను మస్తు అబద్ధాలు చెప్పినోన్నే. బస్సును చిలుకతోని తోలిపిచ్చిన, కల్లును గాలిల పులియబెట్టిన. ఇంకొకటి చెప్తె నా ఒంటికి ఏం తక్కువైతది అని కలం గూడ తీసిన. మా అవ్వ నన్ను ఈ మాటలనే పిలిచింది, ఈ మాటలనే తిట్టింది. మా బాపు పోయేటప్పుడు ఈ మాటలనే నీళ్లడిగిండు. తెలుగు రాదు అని నేను రాసియ్యాల్నా? నాకు రాకపోతె మరి మా ఇంట్ల ఇన్నేండ్లు మాట్లాడింది ఏంది?

"సంతకం పెట్ట సారూ" అన్న.

"పని పోతుందయ్యా."

"పోనీ. నాకు తెలుగు వచ్చు. కావాల్నంటె గదే రాసియ్యుండ్రి, రెండు సంతకాలు పెడ్త."

సారు కాయితం తీసి ఎనుకకు తిప్పి, "పై వ్యక్తి సంతకము చేయుటకు నిరాకరించినాడు. అతనికి తెలుగు బాగుగా వచ్చును" అని ఆయన చేత్తోని రాసి, తన సంతకం పెట్టిండు. నేను షెడ్డు తాళంచెవులు బల్ల మీద పెట్టి బయటికొచ్చిన. ఇంటికి పోయి చెప్తె మా ఇంటామె, "సగం తీసేసినా పని పోయినట్టేనా?" అని అడిగింది. అవునన్న. ఆ పూట ఇంకొక బుక్క ఎక్కువనే పెట్టింది.

ఫైలు పైకి పోయింది. పైన ఎవలు తేలుస్తరు? ఆఫీసులల్ల సగం దినాలు బందులు, సగం దినాలు పెన్ డౌన్ సమ్మెలు. నడుమ రోడ్డు సారు కొత్త నోటీసు ఒకటి పంపిచ్చిండు, ఈసారి ఎవ్వలు తప్పు చదవకుంట. "హద్దు రజ్జువులను తాకరాదు" అని. రజ్జువు అంటె ఏందో మా దిక్కు ఎవ్వలకు తెల్వదు. అది నాగుపాము జాతి అని నేను టెంటుల చెప్పిన. అప్పటి నుంచి ఆ ఖుంటీల దిక్కు మేకలను గూడ ఎవ్వలు పోనియ్యలె. గది మాత్రం తీసెయ్యొద్దు, నిజంగనే చెప్పిన.

నేను కూలి లేని కాపలోన్నయిన. పొద్దున మిర్చి ఏరనీకి కైకిలి పోయి, పొద్దు వంగంగనే మోళ్ల కింద కూసునెటోన్ని. తాళ్లెక్కే అన్న, దీక్షలోళ్లు వంతులేసుకున్నరు. చిలుకల సారు రోజు సాయంత్రం నడుసుకుంట వచ్చి నేను చెప్పింది బుక్కుల రాసుకునెటోడు. ఆడది ఎన్నిసార్లు వచ్చింది, మగది ఏం తెచ్చింది అని. ఎన్నడూ తిరిగి అడగలె. ఎన్నడూ సగం తియ్యలె.

అయిదు గుడ్లల్ల నాలుగు పిల్లలైనయి. ఎండలు ముదరక ముందుగాలనే మూడు ఎగిరిపోయినయి. నాలుగోది కంతల కూసుండి రెండు దినాలు మా మీద రెట్టలేసుకుంట చూసింది. దాని తల్లి పక్క మోడు మీద కూసుండి పిలిచింది, మేత చూపిచ్చింది, తిట్టింది. అక్క కింద నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, ఒక్క మాట బయటికి రాకుంట చూసింది. మూడో దినం పొద్దుగాల అది దుంకింది. ముందు రాయి లెక్క పడ్డది. తర్వాత రెక్కలు దొరికినయి. మద్దిచెట్ల మీదికెళ్లి అడవిలకు పోయింది. మా దిక్కు ఎనుకకు తిరిగి గూడ చూడలె.

"గట్ల పోవాలె" అన్నది అక్క. ఆమెకు అప్పుడు నోరొచ్చింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. రోడ్డు సారు యాడికో బదిలీ అయిండు. తేలని ఫైలు తేలకనే ఉన్నది. మోళ్లల్ల నాలుగైతె గాలివానలకు వాటంతటవే ఒరిగినయి, పక్కన ఎండినవి రెండు వాటి వరుసల చేరినయి. ఏటేటా జంటలు దూరుతనే ఉన్నయి. రోడ్డు అటు ఎడల్పయింది, ఇటు ఎడల్పయింది. ఆ మోళ్ల కాడ మాత్రం సన్నగనే ఉన్నది. బొగ్గు లారీ, ఇసుక లారీ ఎదురెదురైతె ఒకటి ఆగాలె. ఆగిన డ్రైవరు తల బయటికి పెట్టి, గీ మోళ్లను ఇన్నేండ్లు నిలబెట్టినోడెవడు అని పచ్చిగ తిడ్తడు. అప్పుడప్పుడు నేను అక్కడనే కూసుండి ఇంట. తిట్టనీ. జర సేపు ఆగితె లారీకి ఏం పోదు.